అడవికోడి ఒకటి కాదు, రెండు

బదిలీ మీద బిలాస్‌పూర్ వచ్చిన మన సిబ్బంది కుటుంబాలకు ఆదివారాలు ఎక్కడికి వెళ్ళాలన్నది మొదటి ఆరు నెలల్లో పెద్ద ప్రశ్న. రతన్‌పూర్ మహామాయ గుడి అయిపోతుంది, కానన్ పెండారి జూ అయిపోతుంది. ఆ తరువాత అందరూ చెప్పే పేరు అచానక్‌మార్ అడవి. ఊరికి 60 కిలోమీటర్ల లోపే ఉంది. పులి కనబడుతుందన్న ఆశతో వెళతాం. పులి కనబడదు. జీపు డ్రైవరు మాత్రం బండి ఆపి, "అదిగో, జంగ్లీ ముర్గా" అని చూపిస్తాడు. బండిలో ఉన్నవాళ్ళు "కోడేనా!" అని పెదవి విరుస్తారు.

ఆ పెదవి విరుపు గురించే ఈ వ్యాసం. ఆ కోడిని కాస్త నిలబడి చూస్తే, అది మన ఇంట్లో ఆదివారం కూరకూ, సంక్రాంతి బరిలోని పుంజుకూ, పొద్దున్నే పిల్లలకు పెట్టే గుడ్డుకూ మూలపురుషుడు. పైగా మనం తెలుగులో 'అడవికోడి' అని ఒక్క పేరుతో పిలిచే పక్షులు నిజానికి రెండు జాతులు. ఒకటి బిలాస్‌పూర్ వైపుది, రెండోది నల్లమల వైపుది.

నేను పుట్టి పెరిగింది మార్కాపురం దగ్గర. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాటు రోడ్డు మీద, తెల్లవారుజామున బస్సు కిటికీలోంచి అడవికోళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి. అవి బూడిదరంగువి. ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చాక అచానక్‌మార్‌లో చూసినవి ఎర్రనివి. 'పుంజుల్లో రంగులు మారుతూనే ఉంటాయి కదా' అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఇవి రంగులు మారిన ఒకే పక్షి కాదు. వేరు వేరు జాతులు. ఎలా వేరో, ఆ తేడా మనకెందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకే ఇంటిపేరు, నలుగురు అన్నదమ్ములు

నెమలి, కౌజు, కోడి అన్నీ ఒకే పెద్ద కుటుంబానికి చెందిన పక్షులు. అందులో కోళ్ళ శాఖకు శాస్త్రవేత్తలు పెట్టిన ఇంటిపేరు 'గాలస్'. ఈ ఇంటిపేరుతో ప్రపంచంలో అడవుల్లో ఉన్నవి నాలుగే జాతులు. మొదటిది ఎర్ర అడవికోడి, శాస్త్రీయ నామం గాలస్ గాలస్. రెండోది బూడిద అడవికోడి, అంటే గాలస్ సొన్నెరాటీ. మూడోది శ్రీలంక అడవికోడి. ఆ దేశపు జాతీయ పక్షి అదే. నాలుగోది జావా, దాని పక్క దీవుల్లో ఉండే ఆకుపచ్చ అడవికోడి.

ఈ నాలుగింటిలో రెండు మన దేశంలో ఉన్నాయి. ఎర్రది హిమాలయ పాదాల నుంచి ఈశాన్య రాష్ట్రాలు, బెంగాల్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా ఇటు, ఆగ్నేయాసియా దేశాల మీదుగా ఇండోనేషియా వరకు అటు పరచుకుని ఉంది. బూడిదది మాత్రం భారత ద్వీపకల్పం దాటి ఎక్కడా లేదు. మౌంట్ ఆబూ, గుజరాత్ అడవుల నుంచి పడమటి కనుమలు, దక్షిణాన తమిళనాడు, కేరళ, మన నల్లమల, శేషాచలం వరకు దాని రాజ్యం. ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో దొరకని పక్షి మన శ్రీశైలం రోడ్డు మీద దర్శనమిస్తుందన్న మాట. ఫ్రెంచి యాత్రికుడు, ప్రకృతి పరిశోధకుడు పియర్ సొన్నెరాట్ పేరు మీద 1813లో దానికి ఆ శాస్త్రీయ నామం పెట్టారు.

పుంజులను పక్కపక్కన పెట్టి చూద్దాం

ఎర్ర అడవికోడి పుంజును చూస్తే మన పల్లెటూరి డేగపుంజు గుర్తుకొస్తుంది. మెడ మీద నుంచి వీపు వరకు జారే పొడవాటి ఈకలు బంగారు, నారింజ, ఎరుపు రంగుల్లో మెరుస్తాయి. రొమ్ము నలుపు. తోక నల్లగా, ఆకుపచ్చ నిగనిగతో వంపు తిరిగి ఉంటుంది. అది ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లటి కుచ్చు స్పష్టంగా కనిపిస్తుంది. దూరం నుంచి గుర్తుపట్టడానికి అదే మంచి ఆనవాలు. ఇక్కడి ఎర్రకోళ్ళకు చెవి దగ్గర తెల్లటి మచ్చ ఉంటుంది. కాళ్ళు పలకరంగు, అంటే నల్లబూడిద రంగు. ఈ కాళ్ళ రంగును గుర్తుంచుకోండి, తరువాత మళ్ళీ దానితో పని ఉంది.

బూడిద అడవికోడి పుంజు దూరానికి మామూలుగా, బూడిదరంగులో కనిపిస్తుంది. దగ్గరగా చూస్తేనే దాని అందం. మెడ ఈకలు నల్లగా ఉండి, ఒక్కో ఈక మీద పసుపు, తెలుపు చుక్కలుంటాయి. ఈ చుక్కలు మామూలు ఈక కాదు. మైనం చుక్క వేసి ఆరబెట్టినట్టు గట్టిగా, నున్నగా, మెరుస్తూ చిన్న పలకల్లా ఉంటాయి. తోక ఊదా నిగనిగతో నల్లగా ఉంటుంది. తోక మొదట్లో ఎర్రదానికి ఉన్న తెల్లకుచ్చు దీనికి లేదు. కాళ్ళు ఎర్రగా ఉంటాయి. జుట్టు, అంటే తలమీది ఎర్ర తురాయి, ఎర్రకోడికున్నంత లోతైన రంపపు పళ్ళలా ఉండదు.

ఈ మైనపు చుక్కలే బూడిదకోడికి ప్రాణం మీదికి తెచ్చాయి. ఇంగ్లండులో నదుల్లో గాలం వేసి చేపలు పట్టేవాళ్ళు గాలానికి పురుగులా భ్రమపెట్టే ఈకలు కడతారు. నీటిలో ఈ చుక్క తళుక్కుమంటుంది కాబట్టి దీనికి గిరాకీ పెరిగి, మన అడవుల నుంచి మెడ చర్మాలు ఓడల్లో తరలిపోయేవి. తరువాత భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఇప్పుడు గాలం వేసేవాళ్ళకు కావలసిన ఈకల కోసం విదేశాల్లోనే ఈ పక్షులను పెంచుతున్నారు.

పుంజుల విషయంలో ఇంకొక ముచ్చట. వానాకాలంలో ఎర్ర అడవికోడి పుంజు తన బంగారు మెడ ఈకలు రాల్చేస్తుంది. వాటి చోట పొట్టిగా, నల్లగా ఉండే ఈకలు వస్తాయి. జూన్ నుంచి ఇంచుమించు అక్టోబరు దాకా అది సాదాసీదా వేషంలో ఉంటుంది. చలి మొదలయ్యేసరికి మళ్ళీ పట్టుబట్టలు. బూడిద పుంజు కూడా ఇలాగే వేషం మారుస్తుంది. మన పెరటి పుంజులు మాత్రం ఇలా పూర్తి వేషం మార్చవు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, స్వచ్ఛమైన అడవికోడి ఏదో, ఊరికోడి రక్తం కలిసినది ఏదో తేల్చడానికి శాస్త్రవేత్తలు చూసే గుర్తుల్లో ఇది ముఖ్యమైనది.

పెట్టలే అసలు పరీక్ష

పుంజులను ఎవరైనా గుర్తుపడతారు. పెట్టలను గుర్తుపట్టినవాడే నేర్చుకున్నట్టు.

ఎర్ర అడవికోడి పెట్ట ఎండుటాకుల్లో కలిసిపోయే గోధుమ రంగులో ఉంటుంది. రొమ్ము కాస్త ఎర్రబారిన గోధుమరంగు. తలమీద తురాయి ఉందా లేదా అన్నంత చిన్నది, గొంతు కింద వేలాడే లోలకులు లేవు. కాళ్ళు బూడిదరంగు. బూడిద అడవికోడి పెట్ట రొమ్ము చూస్తే వెంటనే తెలిసిపోతుంది. తెల్లటి ఈకలకు నల్లటి అంచులు కుట్టినట్టుండి, చేప పొలుసులు గుర్తుకు తెస్తాయి. కాళ్ళు పసుపు.

కాబట్టి అడవిలో పెట్ట కనిపిస్తే రెండే ప్రశ్నలు వేసుకోండి. రొమ్ము సాదాగా ఉందా, అంచులు కుట్టినట్టు ఉందా? కాళ్ళు బూడిదా, పసుపా? ఈ రెండింటికీ జవాబు దొరికితే పేరు దొరికినట్టే.

కూత విని చెప్పవచ్చు

అడవిలో కోడి కనిపించడం కన్నా వినిపించడం ఎక్కువ. ఎర్ర అడవికోడి కూత అచ్చం మన ఊరి పుంజు కూతలాగే ఉంటుంది, కానీ చివర సాగదీయదు. 'కొక్కొరో...కో' అన్న రాగంలో ఆఖరి 'కో'ను కత్తిరించినట్టు ఠక్కున ఆపేస్తుంది. బూడిదకోడి కూతలో మనకు తెలిసిన రాగం లేదు. ముక్కలు ముక్కలుగా, కాస్త బొంగురుగా, 'కుక్-కాయా-కాయా-కుక్' అన్నట్టు ఉండి, చివర లోగొంతుకతో గొణిగినట్టు ముగుస్తుంది. మొదటిసారి విన్నవాళ్ళు అది కోడి అనుకోరు.

మా రైల్వే కాలనీ పక్కన ఉండే ఒక పెద్దాయన పూర్వీకులు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం నుంచి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన నన్ను "మేనేజరుబాబూ" అంటారు. ఈ కూతల సంగతి చెబితే నవ్వి, "ఇక్కడోళ్ళు పుంజును కుకరా అంటారు బాబూ, పెట్టను కుకరీ అంటారు. దాని కూతే దాని పేరు" అన్నారు. ఆలోచిస్తే సంస్కృతంలో కుక్కుటం, ఛత్తీస్‌గఢీలో కుకరా, మన కొక్కొరొకో, ఇవన్నీ ఆ పక్షి గొంతులోంచి వచ్చిన మాటల్లాగే వినిపిస్తాయి.

గోదావరి గీత

ఈ రెండు పక్షులు దేశాన్ని ఎలా పంచుకున్నాయన్నది ఈ పాఠంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే భాగం.

తూర్పు వైపున స్థూలంగా గోదావరే వీటి సరిహద్దు. నదికి ఉత్తరాన మారేడుమిల్లి, అనంతగిరి, అరకు అడవుల్లో ఉన్నది ఎర్రది. నదికి దక్షిణాన నల్లమలలో, శేషాచలంలో ఉన్నది బూడిదది. బిలాస్‌పూర్ నుంచి బయల్దేరే మన తిరుపతి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి వంతెన మీద గోదావరి దాటుతుంది కదా. పిల్లలతో ప్రయాణం చేస్తున్నప్పుడు చెప్పండి: వంతెనకు ఇవతలి కొండలు ఎర్రకోడివి, అవతలి కొండలు బూడిదకోడివి అని. నది వెంబడి అక్కడక్కడా రెండూ ఒకరి హద్దులోకి ఒకరు వస్తూనే ఉంటాయి. ప్రకృతి గీసిన గీత సర్వేయరు గీసిన గీతలా ఉండదు.

నదికన్నా మంచి గీత ఇంకొకటి ఉంది. అది గుగ్గిలం చెట్టు. హిందీలో సాల్, ఇక్కడివాళ్ళు సరయి అంటారు. బిలాస్‌పూర్ నుంచి కోటా దాటి అచానక్‌మార్ వైపు వెళ్ళేటప్పుడు రోడ్డుకు రెండు వైపులా నిటారుగా నిలబడి ఉండే చెట్లు అవే. మన దేశంలో ఎర్ర అడవికోడి ఉండే ప్రాంతాలనూ, సాల్ అడవులనూ పటం మీద గుర్తిస్తే చాలావరకు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. సాల్ తగ్గి టేకు, ఇతర ఎండు అడవులు మొదలయ్యే చోట బూడిదకోడి మొదలవుతుంది.

దీనికి చక్కని రుజువు మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ. చుట్టూ టేకు అడవులున్న ప్రాంతంలో అక్కడ ఒక సాల్ అడవి ముక్క ద్వీపంలా మిగిలి ఉంది. ఆ ముక్కలో ఎర్ర అడవికోడి ఉంది. చుట్టుపక్కల బూడిదకోడి ఉంది. జేమ్స్ ఫోర్సిత్ అనే బ్రిటిష్ అధికారి మధ్య భారత అడవుల మీద రాసిన పుస్తకం 1871లో వెలువడింది. సాల్ చెట్టు, ఎర్ర అడవికోడి, బారసింగా జింక, ఈ మూడూ కలిసి కనిపించడాన్ని ఆయన అప్పుడే గమనించాడు. రెండు కోళ్ళూ కలిసే ఇలాంటి చోట్ల అప్పుడప్పుడు సంకరజాతి పక్షులు కనిపించినట్టు పక్షిశాస్త్రజ్ఞులు నమోదు చేశారు. కానీ అవి అరుదు. పక్కపక్కనే ఉన్నా ఎవరి సంసారం వారిదే.

కోడికి సాల్ చెట్టు మీద ప్రత్యేకమైన ప్రేమ ఉందని దీని అర్థం కాదు. ఆ చెట్టుకు నచ్చిన తేమ, నేల, నీడే ఆ పక్షికీ నచ్చాయనుకోవడం సబబు. బ్యాంకు భాషలో చెప్పాలంటే, రెండు ఖాతాల్లో ఒకే రోజు జమ పడుతున్నంత మాత్రాన ఒకరు మరొకరికి డబ్బిస్తున్నారని కాదు. ఇద్దరికీ ఒకే చోటు నుంచి జీతం వస్తూ ఉండవచ్చు.

రోజువారీ బతుకు

బతుకు తీరులో ఇద్దరూ దగ్గరి చుట్టాలే. పొద్దున్నా సాయంత్రం అడవి అంచుల్లోకి, బాటల మీదికి వచ్చి కాళ్ళతో ఆకులు గీరుతూ గింజలు, రాలిన పండ్లు, చెదలు, పురుగులు తింటాయి. వెదురు పూసి గింజ రాల్చిన సంవత్సరం వాటికి పండగ. రాత్రి చెట్టు కొమ్మల మీద నిద్ర. గూడు అంటే పొద కింద నేల మీద చిన్న గుంట, నాలుగు ఎండుటాకులు. సాధారణంగా 4 నుంచి 7 గుడ్లు, పొదగడానికి మూడు వారాలు. ఎర్రపుంజు వెంట నాలుగైదు పెట్టలు తిరగడం మామూలు. బూడిదకోడి ఎక్కువగా జంటగానో, చిన్న గుంపుగానో కనిపిస్తుంది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. అడవికోడి ఒక ఈతలో పెట్టేది నాలుగైదు గుడ్లు. ఫారంలో పెంచే గుడ్ల కోడి ఏడాదికి 300 దాకా పెడుతుంది. ఆ తేడా అంతా మనిషి ఎంపిక చేసుకుంటూ వచ్చిన వేల ఏళ్ళ ఫలితం. మూలధనం మాత్రం అడవిదే.

మన పెరటి కోడి ఎవరి బిడ్డ?

ఈ ప్రశ్నకు చార్లెస్ డార్విన్ 1868లో వెలువడిన గ్రంథంలో జవాబు చెప్పాడు. ప్రపంచంలోని పెంపుడు కోళ్ళన్నీ ఒక్క ఎర్ర అడవికోడి నుంచే వచ్చాయన్నాడు. కూత పోలిక, రంగుల పోలిక, రెండింటి సంతానానికి మళ్ళీ సంతానం కలగడం ఆయన చూపిన ఆధారాలు.

తరువాత జన్యుశాస్త్రం వచ్చింది. 2004లో కోడి జన్యుపటం పూర్తిగా చదివినప్పుడు శాస్త్రవేత్తలు ఎంచుకున్నది ఒక ఎర్ర అడవికోడి పెట్టనే. 2020లో 863 పక్షుల జన్యుపటాలను పోల్చిన పరిశోధన మరో అడుగు ముందుకు వేసింది. ఎర్ర అడవికోడిలో ఐదు ఉపజాతులున్నాయి. వాటిలో నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతాల్లో ఉండే ఉపజాతి నుంచి పెంపుడు కోడి ముఖ్యంగా పుట్టిందని తేల్చింది. మన అచానక్‌మార్‌లో ఉన్నది వేరొక ఉపజాతి. అది మన పెరటికోడికి పినతండ్రి వరస అవుతుంది. 2022లో వెలువడిన పరిశోధనల ప్రకారం స్పష్టంగా పెంపుడు కోళ్ళవని చెప్పదగిన అతి పాత ఎముకలు థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికాయి. వాటి కాలం క్రీస్తుపూర్వం 1650 నుంచి 1250 మధ్య. వరి, చిరుధాన్యాల సాగు వ్యాపించడంతో గింజల కోసం అడవికోళ్ళు ఊళ్ళ దగ్గరికి వచ్చాయన్నది ఆ పరిశోధకుల వివరణ. వడ్లగింజ ఆశ చూపి మనిషి కోడిని ఇంటికి తెచ్చుకున్నాడన్న మాట.

పసుపు కాళ్ళ కథ

ఇప్పుడు కాళ్ళ రంగు గుర్తు తెచ్చుకోండి. ఎర్ర అడవికోడి కాళ్ళు బూడిదరంగు. కానీ బుధవారీ బజారులో కోళ్ళ దుకాణం ముందు బుట్టల్లో చూస్తే పసుపు కాళ్ళ కోళ్ళు ఎన్నో కనిపిస్తాయి. ఆ పసుపు ఎక్కడి నుంచి వచ్చింది?

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం పరిశోధకుల బృందం 2008లో దీనికి జవాబు కనుగొంది. కోళ్ళు తినే గింజల్లో, ఆకుల్లో పసుపురంగు పదార్థాలుంటాయి. ఎర్ర అడవికోడి చర్మంలో ఒక జన్యువు చురుకుగా పనిచేసి ఆ పసుపును విరగ్గొడుతుంది. అందుకే దాని చర్మం, కాళ్ళు పసుపుగా ఉండవు. పసుపు కాళ్ళ పెంపుడు కోళ్ళలో ఆ జన్యువు చర్మం వరకు మందకొడిగా ఉంటుంది, పసుపు పేరుకుపోతుంది. మందకొడిగా ఉన్న ఆ రూపం ఎర్ర అడవికోడి నుంచి వచ్చినట్టు కనబడలేదు. బూడిద అడవికోడిలో ఉన్నదానితో సరిపోయింది.

అంటే డార్విన్ చెప్పింది చాలావరకు నిజమే, పూర్తిగా కాదు. ఎప్పుడో, మన ద్వీపకల్పంలోనే ఎక్కడో, పెంపుడు కోళ్ళలోకి బూడిద అడవికోడి రక్తం కాస్త కలిసింది. ఆ పసుపు కాళ్ళ గుణం జనానికి నచ్చి, వాటినే ఎంచి పెంచగా, ప్రపంచమంతా వ్యాపించింది. అమెరికాలో అమ్మే కోడి కాలు పసుపుగా ఉందంటే, దానికి కారణమైన జన్యువు భారతదేశపు అడవిలో తప్ప ఇంకెక్కడా లేని ఒక పక్షిది. నల్లమలలో బస్సు కిటికీ నుంచి చూసిన ఆ పక్షికి ఇంత చరిత్ర ఉందని తెలిశాక, నాకు దాని మీద గౌరవం పెరిగింది.

అసలు ప్రమాదం ఎవరికి?

రెండు జాతులూ ప్రస్తుతం అంతరించిపోయే జాబితాలో లేవు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం రెండింటినీ తక్కువ ఆందోళన ఉన్న వర్గంలోనే ఉంచింది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రెండింటినీ వేటాడటం నేరం. పైపైన చూస్తే రెండు ఖాతాలూ సక్రమంగానే ఉన్నాయి.

కానీ బ్యాంకులో పనిచేసేవాళ్ళకు తెలుసు, నిల్వ ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆ ఆస్తి నాణ్యత ఏమిటో కూడా చూడాలి. ఎర్ర అడవికోడి విషయంలో సమస్య నాణ్యతది. ఊరికోడీ, ఎర్ర అడవికోడీ శాస్త్రం ప్రకారం ఒకే జాతి. అడవి అంచు పల్లెలో వదిలిన పుంజు అడవి పెట్టతో కలుస్తుంది. అడవి పుంజు ఊరి పెట్టల దగ్గరికి వస్తుంది. పుట్టిన పిల్లలకు ఏ లోపమూ ఉండదు, అవి మళ్ళీ పిల్లలను కంటాయి. తరాలు గడిచేకొద్దీ అడవిలో ఎర్రకోళ్ళ సంఖ్య అంతే ఉంటుంది. చూడటానికి కూడా అలాగే ఉంటాయి. లోపల మాత్రం అసలు సొమ్ము కరిగిపోతూ ఉంటుంది.

బూడిదకోడికి ఈ ప్రమాదం తక్కువ. అది వేరే జాతి కాబట్టి ఊరికోడితో సులభంగా కలవదు. దాని కష్టాలు వేట, అడవి తరుగుదల.

1960ల తొలి సంవత్సరాల్లో అమెరికా ప్రభుత్వం తమ దక్షిణ రాష్ట్రాల్లో వేట పక్షులుగా వదలడానికి ఉత్తర భారతదేశపు అడవుల నుంచి ఎర్ర అడవికోళ్ళను తీసుకెళ్ళింది. వదిలిన పక్షులు అక్కడ నిలదొక్కుకోలేదు. కానీ పెంపకంలో మిగిలిన కొన్నిటి సంతానం 1990లలో శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. అప్పటికి ప్రపంచంలోని జూలలో 'ఎర్ర అడవికోడి' అని పేరు రాసిపెట్టిన పక్షుల్లో చాలావాటికి ఊరికోడి రక్తం కలిసిపోయి ఉందన్న అనుమానం బలపడింది. పుంజు వానాకాలపు వేషం మార్చుతోందా, పెట్ట తలమీద తురాయి లేకుండా ఉందా అన్న గుర్తులతో వాళ్ళు స్వచ్ఛమైన వాటిని వెతికారు. మన దేశం నుంచి అనుకోకుండా వెళ్ళిన ఆ కొద్ది పక్షులు విలువైన నమూనాలయ్యాయి.

స్వచ్ఛత ఎందుకంత ముఖ్యం అంటే, పెంపుడు కోళ్ళకు రేపు ఏదైనా కొత్త రోగం వస్తే, దాన్ని తట్టుకునే గుణం ఎక్కడైనా మిగిలి ఉంటే అది అడవి మూలంలోనే ఉండే అవకాశం ఎక్కువ. వరిలోనూ, చెరకులోనూ అడవి జాతుల నుంచి అలాంటి గుణాలు తెచ్చుకున్న అనుభవం మనకు ఉంది. అడవికోడి మన కోళ్ళ పరిశ్రమకు ఒక రిజర్వు ఫండు. దాన్ని ఎవరూ వాడుకోవడం లేదని కరిగిపోనిస్తే, అవసరం వచ్చిన రోజు అందులో ఏమీ మిగలదు.

మన చేతిలో ఉన్నవి

ఇది బ్యాంకు ఉద్యోగులకు సంబంధం లేని విషయం కాదు. అడవి అంచు పల్లెల్లోని స్వయం సహాయక బృందాలకు పెరటికోళ్ళ పెంపకానికి రుణాలిచ్చేది మనమే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు పల్లెల ఆదాయం పెంచాయి. ఆ రుణాలు ఆపాలని నేను అనడం లేదు. ఆ మహిళలకు ఆ గుడ్ల డబ్బే బిడ్డల పుస్తకాలు, జ్వరం వచ్చినప్పుడు మందులు. అడవి అంచు పల్లెలో యూనిట్ చూడటానికి వెళ్ళినప్పుడు మాత్రం నేను మూడు విషయాలు అడుగుతాను.

మొదటిది, రాత్రి కోళ్ళను మూసిపెట్టే గూడు ఉందా? గూడు ఉంటే నక్క, అడవిపిల్లి బెడద తగ్గుతుంది, రుణగ్రహీతకు నష్టం తగ్గుతుంది. కోళ్ళు అడవి వైపు పోవడమూ తగ్గుతుంది. రెండోది, కొక్కెర తెగులుకు టీకా వేయించారా? మందలో ఆ తెగులు వస్తే వాయిదాలు ఆగిపోతాయి. అదే రోగం అడవికోళ్ళకు కూడా సోకగలదు. మూడోది, చనిపోయిన కోళ్ళను ఏం చేస్తున్నారు? వాగులోనో పొదల్లోనో పారేయకుండా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ఈ మూడూ చేస్తే మన రుణమూ భద్రం, అడవీ భద్రం. అదనంగా ఖర్చయ్యేది చాలా తక్కువ.

ఇక మన కుటుంబాలు చేయగలిగింది. అడవికోడి మాంసం అని ఎవరైనా రహస్యంగా అమ్మజూపితే కొనకండి, అది నేరం. అచానక్‌మార్ వెళ్ళేటప్పుడు బండిలోంచి తిండి విసరకండి. తిండికి అలవాటుపడిన పక్షి రోడ్డు మీదికి వచ్చి చక్రాల కింద పడుతుంది. వానాకాలంలో అడవి మూసి ఉంటుంది కాబట్టి, చలికాలంలో తెల్లవారగానే వెళ్ళండి. శివతరాయి దాటాక బండి నెమ్మదిగా పోనిస్తే, బాట పక్కన ఆకులు గీరుతూ కనిపిస్తాయి. 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన ఆ 914 చదరపు కిలోమీటర్లలో పులి కనబడటం అదృష్టం. కోడి కనబడటానికి అంత అదృష్టం అక్కర్లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

పిల్లలకు ఐదు ప్రశ్నలు

పత్రిక పక్కన పెట్టి జవాబులు చెప్పండి. అమ్మానాన్నలు సరిచూడవచ్చు.

1. ఎగిరిపోతున్న పుంజు తోక మొదట్లో తెల్లకుచ్చు కనిపించింది. అది ఏ అడవికోడి?
2. పెట్ట రొమ్ము మీద నల్ల అంచుల తెల్ల ఈకలు, కాళ్ళు పసుపు. ఇది ఏ అడవిలో కనిపించే అవకాశం ఎక్కువ: అచానక్‌మార్‌లోనా, నల్లమలలోనా?
3. ఎర్ర అడవికోడి ఉన్నచోట ఎక్కువగా కనిపించే చెట్టు ఏది? దాని తెలుగు పేరేమిటి?
4. పెంపుడు కోడికి పసుపు కాళ్ళు ఎవరి నుంచి వచ్చాయి?
5. ఊరికోడితో కలిసిపోయే ప్రమాదం రెండింటిలో దేనికి ఎక్కువ? ఎందుకు?

జవాబులు: 1. ఎర్ర అడవికోడి. 2. నల్లమలలో. 3. సాల్, గుగ్గిలం. 4. బూడిద అడవికోడి నుంచి. 5. ఎర్ర అడవికోడికి, ఊరికోడీ అదీ ఒకే జాతి కాబట్టి.

ఐదుకు ఐదు వచ్చినవాళ్ళు ఈసారి జీపులో ముందు సీటులో కూర్చోవడానికి అర్హులు. "కోడేనా!" అని వెనక సీటులో ఎవరైనా పెదవి విరిస్తే, ఏ కోడో చెప్పే బాధ్యత మీది.